అవటు గ్రంథిలో కొవ్వు కణితులు: నిర్ధారణ – చికిత్స

మానవ శరీరంలో పరిమాణానికి మించిన బాధ్యత వహించే అవయవాలలో అవటు గ్రంథి ఒకటి. దీనినే థైరాయిడ్ గ్రంథి అని వ్యవహరిస్తున్నాము. ఇది మెడ ముందుభాగంలో, చర్మానికి సమీపంగా ఉన్నది. అందువల్ల దీనికి వచ్చిన వాపు ఎదుటివారి కంటికి త్వరగా తెలుస్తుంది. కంటికి తెలిసిన మరుక్షణమే నోటికి ఒక పేరు వస్తుంది. మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో ఆ పేరు తరచుగా "కొవ్వు గడ్డ". ఉర్దూ మాట్లాడే ఇండ్లలో "రసౌలీ" అంటారు. "కొవ్వు గడ్డేలే, ఏమీ చేయదు" అని ఒక ఇంట్లో, "రసౌలీ హై, కుచ్ నై హోతా" అని మరొక ఇంట్లో చెప్పుకొంటూ సంవత్సరాలు గడుపుతారు. ఇంకొక ఇంట్లో అటువంటి వాపునే చూచి క్యాన్సరని నిశ్చయించుకొని, ఆ భయంచేత ఆసుపత్రి గడప తొక్కరు. ఈ రెండు పేర్లూ చూపుతో పెట్టినవే గాని పరీక్షలో తేలినవి కావు.

మేము వైద్యులము కాము, తెలుగు బోధించేవారము. అయినప్పటికీ ఈ విషయాన్ని ఎన్నుకొనడానికి తగిన కారణం ఉన్నది. అవటు గ్రంథిలో నిజంగానే కొవ్వుతో ఏర్పడే కణితులు కలవు. అవి అత్యంత అరుదైనవి. నిజమైన కొవ్వు కణితి ఎంత అరుదో, దానిని తేల్చడానికి ఎన్ని మెట్లు ఎక్కవలెనో తెలిస్తే, చూపుమాత్రం చేత "కొవ్వు గడ్డే" అని తీర్పు చెప్పడం ఎంత సాహసమో అర్థమవుతుంది. ఆ మెట్లను వరుసగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథి స్వరూపం – స్వభావం

అవటు గ్రంథి రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో, శ్వాసనాళానికి ఇరువైపులా రెండు తమ్మెలుగా ఉంటుంది. ఆ రెంటినీ మధ్యలో ఒక సన్నని కణజాలపు వంతెన కలుపుతుంది. పెద్దవారిలో దీని బరువు సుమారు 15 నుండి 25 గ్రాములు మాత్రమే. మనం తినే ఆహారంలోని అయోడిన్‌ను గ్రహించి ఇది థైరాక్సిన్ మొదలైన హార్మోన్లను తయారుచేస్తుంది. శరీరపు వేడి, గుండె వేగం, పిల్లల ఎదుగుదల, గర్భస్థ శిశువు మెదడు వికాసం ఈ హార్మోన్లపై ఆధారపడి ఉన్నవి.

సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు ఈ గ్రంథి చిన్న చిన్న తిత్తులుగా కనబడుతుంది. తిత్తుల నిండా జిగురువంటి ద్రవ్యం ఉంటుంది. తిత్తుల నడుమ రక్తనాళాలు, సన్నని పీచు కణజాలం ఉంటాయి. కొవ్వు మాత్రం దాదాపు ఉండదు. గ్రంథిని కప్పి ఉంచే పొర దగ్గర, రక్తనాళాల వెంట కొద్దిపాటి కొవ్వు కణాలు కొందరిలో కనిపించవచ్చు. కొవ్వు ఇంత తక్కువగా ఉండవలసిన చోట ముద్దగా పేరుకొనడమే ఇక్కడి విశేషం.

ప్రాచీన వైద్యుల పరిశీలన

గొంతు వాపులను విభజించి చూడవలెనన్న ఆలోచన కొత్తది కాదు. సుశ్రుత సంహితలో గళగండాన్ని వాతం వల్ల, కఫం వల్ల, మేదస్సు వల్ల కలిగేవిగా మూడు విధాలుగా చెప్పారు. మేదస్సు అనగా కొవ్వు. మేదోజ గళగండం నునుపుగా, మెత్తగా, పాలిన రంగులో, నొప్పి లేకుండా ఉంటుందనీ, మొదలు సన్నగా ఉండి సొరకాయవలె వ్రేలాడుతుందనీ, శరీరం బలిసినప్పుడు బలిసి, చిక్కినప్పుడు చిక్కుతుందనీ వర్ణించారు. గళగండాన్ని గండమాల నుండి వేరుచేసి చెప్పడం కూడ గమనింపదగినది. మన పల్లెలలో కంఠమాల అని పిలిచేది ఈ రెండవదే. మెడ ప్రక్కన పూసలవలె వరుసగా వచ్చే ఆ గడ్డలు చాలమందిలో క్షయవ్యాధి సోకిన శోషరస గ్రంథులు. వాటి మార్గం వేరు, మందు వేరు.

స్పెయిన్ దేశంలోని కార్డోవా నగర ప్రాంతంలో క్రీ.శ. 936 నుండి 1013 వరకు జీవించినట్లు చెప్పబడే అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన "అత్ తస్రీఫ్" అనే బృహద్వైద్య గ్రంథపు చివరి సంపుటాన్ని శస్త్రచికిత్సకే కేటాయించినాడు. అందులో గొంతు కణితిని గురించి ఒక అధ్యాయం ఉన్నది. ఈ కణితి స్త్రీలలో ఎక్కువగా వస్తుందని అతడు గుర్తించినాడు. తరువాత వచ్చిన వాపులలో ఒకటి కొవ్వు తిత్తిని పోలినదనీ, రెండవది ఉబ్బిన ధమనిని పోలినదనీ వేరుచేసినాడు. రెండవదానిపై కత్తి పెట్టరాదన్నాడు. ముందు పరికరంతో పరీక్షించి, అది కొవ్వు తిత్తివంటిదనీ, రక్తనాళాలకు అంటుకొని లేదనీ తెలిసిన తరువాతనే సంచితో సహా తీయవలెనని విధించినాడు. వెయ్యి సంవత్సరాల క్రితపు ఈ విధిలోని క్రమం, ముందు పరీక్ష, తరువాత పేరు, ఆ తరువాతనే కత్తి, నేటికీ మారలేదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. సుశ్రుతుని మేదోజ గళగండమూ, జహ్రావీ చెప్పిన కొవ్వు వంటి కణితీ, నేటి వైద్యులు చెప్పే అవటు కొవ్వు కణితీ ఒక్కటేనని మేము అనడంలేదు. ఆనాటి వైద్యులకు కన్ను, చెయ్యి తప్ప వేరే సాధనం లేదు. మెత్తగా తగిలిన నీటితిత్తి, జిగురు నిండిన గ్రంథి, చర్మం క్రింది కొవ్వు ముద్ద వారికి ఒకే తీరుగా తోచి ఉండవచ్చు. సూక్ష్మదర్శిని వచ్చిన తరువాతనే లోపలి పదార్థం తెలిసింది. జిగురు గళగండంలో కొవ్వు విస్తారంగా వ్యాపించిన ఒక సందర్భాన్ని భారతీయుడైన ధాయ్‌గుడే 1942లో వివరించినాడు. గ్రంథి అంతటా కొవ్వు అలముకొనే స్థితికి తొలి వర్ణనగా వైద్య సాహిత్యంలో నేటికీ ఆ వ్యాసాన్నే పేర్కొంటారు. ఈ అరుదైన వ్యాధి చరిత్రలో మన దేశానికి ఈ విధంగా ఒక స్థానం ఉన్నది.

కొవ్వు కనిపించే స్థితులు

అవటు గ్రంథిలో కొవ్వు ఉన్నదన్నంత మాత్రాన వ్యాధి పేరు తేలదు. కొవ్వు అనేక స్థితులలో కనిపిస్తుంది.

మొదటిది అవటు కొవ్వు కణితి. దీనినే థైరోలైపోమా లేక అడినోలైపోమా అంటారు. ఇది చుట్టూ పొర కలిగిన ఒక ముద్ద. లోపల అవటు తిత్తులూ, పరిపక్వమైన కొవ్వు కణాలూ కలిసి ఉంటాయి. ఇది నిరపాయకరం, నెమ్మదిగా పెరుగుతుంది, ఇతర భాగాలకు ప్రాకదు.

రెండవది కొవ్వు వ్యాప్తి. దీనికి పొర ఉండదు. తిత్తుల నడుమ కొవ్వు గ్రంథి అంతటా అలముకొంటుంది. గ్రంథి రెండువైపులా పెరిగి శ్వాసనాళాన్ని నొక్కవచ్చు.

మూడవది అమిలాయిడ్ గళగండం. క్షయ, కీళ్ళవాతం వంటి దీర్ఘవ్యాధులతో చాలకాలం బాధపడినవారిలో అమిలాయిడ్ అనే ఒక మాంసకృత్తు అవయవాలలో పేరుకొంటుంది. అది అవటు గ్రంథిలో చేరినప్పుడు తరచుగా దానితోపాటు కొవ్వు కూడ చేరుతుంది. ఇటువంటివారికి గొంతు వాపు ఒక్కటే సమస్య కాదు. మూత్రపిండాలు కూడ దెబ్బతిని ఉండవచ్చు. అందుచేత కొవ్వు కనబడగానే పని ముగిసిందనుకొనక, దాని వెనుక అమిలాయిడ్ ఉన్నదేమో చూడవలెను.

నాల్గవది, క్యాన్సరులో కొవ్వు. అవటు గ్రంథిలో ఎక్కువగా కనిపించే పాపిల్లరీ క్యాన్సరులోనే అరుదుగా కొవ్వు కణాలు కలిసి ఉంటాయి. ఇక్కడ కొవ్వు అలంకారమే గాని అసలు వ్యాధి క్యాన్సరు.

ఐదవది లైపోసార్కోమా, అనగా కొవ్వు కణాలకే పుట్టే క్యాన్సరు. ఇది అవటు గ్రంథిలో అరుదులలోకెల్ల అరుదు. సాధారణంగా వయసు మళ్ళినవారిలో, వేగంగా పెరిగే గడ్డగా కనబడుతుంది.

వీటికి తోడు, అవటు గ్రంథికి సంబంధమే లేని కొవ్వు గడ్డలు మెడ చర్మం క్రింద వస్తాయి. మన ఇండ్లలో చూచే నిజమైన కొవ్వు గడ్డలు చాలవరకు ఇవే. వీపు మీద, భుజం మీద వచ్చే లైపోమాలవంటివే ఇవి.

లేని చోట కొవ్వు ఎట్లు వచ్చింది? దీనికి రెండు సమాధానాలు చెబుతారు. పిండదశలో అవటు గ్రంథి నాలుక మొదట్లో పుట్టి, మెడ మీదుగా క్రిందికి దిగి తన స్థానానికి చేరుతుంది. ఆ ప్రయాణంలో కొవ్వుగా మారగల కణాలు కొన్ని దానిలో చిక్కుకొని ఉండవచ్చునన్నది ఒక వాదం. వయసు వల్లనో, ప్రాణవాయువు చాలకనో గ్రంథిలోని పీచు కణాలే కొవ్వు కణాలుగా రూపాంతరం చెందవచ్చునన్నది రెండవ వాదం. కొందరిలో వంశపారంపర్య కారణం కూడ ఉన్నది. పి.టి.ఇ.ఎన్. అనే జన్యువులో లోపం ఉన్న కుటుంబాలలో అవటు గ్రంథిలో ఇటువంటి కణితులు ఒకటికి మించి రావచ్చు. ఆ లోపమే రొమ్ము క్యాన్సరు, అవటు క్యాన్సరు ప్రమాదాన్ని పెంచుతుంది. కావున అనేక కొవ్వు కణితులు కనిపించినప్పుడు వైద్యులు రోగితో ఆగక, తల్లిని, తోబుట్టువులను గురించి కూడ ప్రశ్నిస్తారు.

నిర్ధారణ: మెట్టు మెట్టుగా

స్పర్శకు తెలిసే అవటు గడ్డలు స్త్రీలలో సుమారు 5 శాతం మందికి, పురుషులలో సుమారు ఒక శాతం మందికి ఉంటాయని అయోడిన్ కొరత లేని ప్రాంతాల లెక్కలు చెబుతున్నవి. పరీక్షించిన గడ్డలలో 7 నుండి 15 శాతం వరకు క్యాన్సరుగా తేలవచ్చు. అనగా వచ్చిన గడ్డలలో అధిక భాగం నిరపాయకరం. ఏది ఆ అధిక భాగానిదో, ఏది ఆ అల్ప భాగానిదో చెప్పడానికే పరీక్షలు. ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది.

మొదటి మెట్టు ప్రశ్నలు, చేతి పరీక్ష. వాపు ఎప్పటినుండి ఉన్నది? ఇటీవల పెరిగినదా? గొంతు బొంగురుపోయినదా? మ్రింగునప్పుడు అడ్డు తగులుతున్నదా? పడుకొన్నప్పుడు ఆయాసం వస్తున్నదా? బాల్యంలో మెడకు కిరణచికిత్స జరిగినదా? ఇంట్లో మరెవరికైనా ఉన్నదా? ఈ ప్రశ్నల తరువాత వైద్యుడు రోగిని ఒక గుక్క నీరు మ్రింగుమంటాడు. అవటు గ్రంథి శ్వాసనాళానికి అంటిపెట్టుకొని ఉంటుంది. కనుక దానిలోని గడ్డ గుటకతోపాటు పైకి లేచి క్రిందికి దిగుతుంది. చర్మం క్రింది కొవ్వు గడ్డ కదలదు. ఖర్చులేని ఈ ఒక్క పరీక్షతో గడ్డ గ్రంథిలోనిదా, బయటిదా అన్నది చాలవరకు తెలుస్తుంది.

రెండవ మెట్టు రక్తపరీక్ష. మెదడు క్రింద ఉండే పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అనే హార్మోన్ ద్వారా అవటు గ్రంథిని ఆజ్ఞాపిస్తుంది. దాని మోతాదును బట్టి గ్రంథి ఎక్కువగా పనిచేస్తున్నదో, తక్కువగా పనిచేస్తున్నదో గ్రహిస్తారు. కొవ్వు కణితి ఉన్నవారిలో చాలమందికి ఇది సాధారణంగానే ఉంటుంది. "రక్తపరీక్ష బాగున్నది, ఇక భయం లేదు" అని ఇక్కడే ఆగిపోవడం మన వాళ్ళు తరచుగా చేసే పని. రక్తపరీక్ష గ్రంథి పనితీరును చెబుతుంది గాని గడ్డ స్వభావాన్ని చెప్పదు.

మూడవ మెట్టు అల్ట్రాసౌండు. చెవికి వినిపించని ధ్వని తరంగాలను మెడలోనికి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులను చిత్రంగా మార్చే సాధనమిది. ఇందులో కిరణాల ప్రమాదం లేదు, గర్భిణులకు కూడ చేయవచ్చు. కొవ్వు ఉన్న గడ్డ సాధారణంగా తెల్లగా, మెరుపుగా కనిపిస్తుంది. గడ్డ అంచులు చెదరినట్లున్నా, లోపల ఇసుక రేణువులవంటి సున్నపు చుక్కలున్నా, వెడల్పుకంటె నిలువు ఎక్కువగా ఉన్నా అనుమానం బలపడుతుంది. అల్ట్రాసౌండు అనుమానాన్ని చూపుతుంది, తీర్పు చెప్పదు.

నాల్గవ మెట్టు సూది పరీక్ష. సన్నని సూదితో గడ్డలోని కణాలను కొన్ని పీల్చి, గాజుపలకపై పరచి, రంగువేసి చూస్తారు. ఫలితాన్ని బెథెస్డా పద్ధతిలో ఆరు తరగతులుగా చెబుతారు. సూది గుచ్చితే క్యాన్సరు ప్రాకుతుందన్న భయం మన ప్రాంతంలో బలంగా ఉన్నది. అటువంటిది జరగడం అత్యంత అరుదు, ఆ భయంతో పరీక్ష మానడం వల్ల కలిగే నష్టమే అధికం. అయితే కొవ్వు కణితి విషయంలో ఈ పరీక్షకు ఒక చిక్కు ఉన్నది. పలకపై కొవ్వు కణాలు కనిపిస్తే, సూది దారిలో చర్మం క్రింది కొవ్వు వచ్చిందేమోనని పాథాలజిస్టు సందేహించడం సహజం. అల్ట్రాసౌండు చూపుతూ ఉండగా సూదిని సరిగా గడ్డలోనికే పంపి తీసినప్పుడు, అవటు కణాలూ కొవ్వు కణాలూ కలిసి వస్తే, అప్పుడు అవటు కొవ్వు కణితి అన్న ఊహకు బలం కలుగుతుంది.

ఐదవ మెట్టు సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రాలు. ఇవి అందరికీ అవసరం లేదు. గడ్డ పెద్దదై శ్వాసనాళాన్ని నొక్కుతున్నప్పుడో, రొమ్ము ఎముక వెనుకకు దిగినప్పుడో వీటిని చేయిస్తారు. సి.టి. యంత్రాన్ని నిర్మించినందుకు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ 1979లో నోబెల్ బహుమతిని పంచుకొన్నాడు. అతని పేరిట ఉన్న కొలమానంలో నీటికి సున్న. కండరం సున్నకు పైన ఉంటుంది. కొవ్వు మాత్రం సున్నకు దిగువన, సుమారు మైనస్ 100 దగ్గర ఉంటుంది. చేతికి మెత్తగా తగిలే నీటితిత్తికీ, కొవ్వు ముద్దకూ ఉన్న తేడా ఈ అంకెలో బయటపడుతుంది. ఎం.ఆర్.ఐ.లో కొవ్వు తెల్లగా మెరుస్తుంది. కొవ్వును అణచే పద్ధతిలో మరల చిత్రం తీస్తే ఆ తెలుపు మాయమవుతుంది. ఉన్నది కొవ్వేనని ఇవి చెప్పగలవు. అది ఏ వ్యాధికి చెందిన కొవ్వో అన్న ప్రశ్న ఇంకను మిగిలే ఉంటుంది.

చివరి మెట్టు తీసిన గడ్డను సూక్ష్మదర్శినిలో చూడడం. ప్రయోగశాలలో గడ్డను మైనంలో పొదిగే ముందు వాడే ద్రవాలు కొవ్వును కరిగించివేస్తాయి. అందుచేత కొవ్వు కణాలు పలకపై ఖాళీ తెల్లని గళ్ళుగా మిగులుతాయి. చుట్టూ పొర ఉన్నదా, కొవ్వు కణాల కేంద్రకాలు సక్రమంగా ఉన్నవా, తిత్తులు సహజంగా ఉన్నవా అని అప్పుడు నిశితంగా చూస్తారు. అమిలాయిడ్ ఉన్నదన్న అనుమానం కలిగితే కాంగో రెడ్ అనే రంగు వేస్తారు. ఆ రంగు పట్టిన అమిలాయిడ్‌ను ప్రత్యేకమైన కాంతిలో చూచినప్పుడు ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ కాంగో రెడ్ పుట్టుక మన ప్రాంతపు నేత కార్మికులకు ఆసక్తి కలిగించగలదు. 1883లో జర్మనీ దేశస్థుడైన పాల్ బోటిగర్ దీనిని కనుగొన్నాడు. వేరే పట్టుద్రవ్యం అవసరం లేకుండా నేరుగా నూలుకు పట్టే రంగుగా ఇది బజారుకు వచ్చింది. బట్టకు రంగుగా తరువాత వదలివేయబడినా, వైద్యశాలలో మాత్రం నిలిచి ఉన్నది. మాచాని సోమప్ప నేత సహకార సంఘంతో పేరు పొందిన ఎమ్మిగనూరుకు, దూదికి ప్రసిద్ధమైన ఆదోనికి నూలు రంగులు క్రొత్తవి కావు. ఆ రంగులలో ఒకటి రోగి గొంతులోని రహస్యాన్ని బయటపెట్టే సాక్షి కావడం విశేషం.

చికిత్స

అవటు కొవ్వు కణితిని కరిగించే మాత్ర లేదు, లేపనం లేదు. ఒళ్ళు తగ్గితే గడ్డ తగ్గుతుందనుకొనడం కూడ సరికాదు. అయోడిన్ ఉప్పు అందరికీ అవసరమే. దేశంలో గళగండ నివారణ కార్యక్రమం 1962లోనే ఆరంభమైనది. కాని ఆ ఉప్పు అయోడిన్ లోపం వల్ల వచ్చే గళగండాన్ని నివారించగలదే గాని ఇప్పటికే ఏర్పడిన కొవ్వు కణితిని తగ్గించలేదు.

గడ్డ చిన్నదై, బాధ లేక, పరీక్షలన్నీ నిరపాయకరమని తేల్చినప్పుడు కనిపెట్టి ఉండడమే చికిత్స. వైద్యుడు చెప్పిన గడువులో మరల అల్ట్రాసౌండు చేయించి కొలతలు పోల్చుకొనవలెను. కనిపెట్టి ఉండడమంటే మరచిపోవడం కాదు. పాత చిత్రాలు, నివేదికలు ఒక సంచిలో భద్రపరచి ప్రతిసారీ వెంట తీసుకొనిపోవలెను.

గడ్డ పెరుగుతున్నా, శ్వాసకు, మ్రింగడానికి అడ్డువస్తున్నా, స్వరం మారినా, క్యాన్సరు కాదని నిశ్చయంగా చెప్పలేకపోయినా శస్త్రచికిత్స అవసరం. గడ్డ ఒక తమ్మెలోనే ఉంటే ఆ తమ్మెను మాత్రం తీయడం సాధారణ పద్ధతి. కొవ్వు గ్రంథి అంతటా వ్యాపించి శ్వాసనాళాన్ని నొక్కుతున్నప్పుడు గ్రంథిని పూర్తిగా తీయవలసి రావచ్చు. లైపోసార్కోమాగా తేలితే పరిసర కణజాలంతో సహా తీసి, అవసరాన్నిబట్టి కిరణచికిత్స ఇచ్చి, దీర్ఘకాలం కనిపెట్టవలెను. పాపిల్లరీ క్యాన్సరు అయితే దాని చికిత్స దానికి ఉన్నది, సకాలంలో వచ్చినవారిలో ఫలితం సాధారణంగా చాల బాగుంటుంది.

పూర్తిగా తీయడానికి వైద్యులు ఎందుకు తొందరపడరో చరిత్ర చెబుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన థియొడోర్ కోచర్ అవటు శస్త్రచికిత్సలో సిద్ధహస్తుడు. గ్రంథిని పూర్తిగా తీసిన తన రోగులను కొంతకాలం తరువాత పిలిచి చూడగా వారిలో పలువురు మందకొడిగా, ఉబ్బినట్లుగా మారినట్లు కనుగొని 1883లో ఆ సంగతి ప్రకటించినాడు. గ్రంథి విలువ దాని లేమివల్ల తెలిసింది. ఈ గ్రంథిపై కృషికి 1909లో అతనికి నోబెల్ బహుమతి లభించింది. నేడు థైరాక్సిన్ మాత్ర ఆ లోటును తీరుస్తున్నది. పూర్తి గ్రంథి పోయినవారు దానిని జీవితాంతం వాడవలెను. పరగడుపున, ఆహారానికి కనీసం అరగంట ముందు వేసుకొనడం నియమం. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవారు మాత్రను మానకూడదు. సహరీకి అరగంట ముందో, ఇఫ్తార్ భోజనమైన మూడు నాలుగు గంటల తరువాత పడుకొనేటప్పుడో వేసుకొనేట్లు వైద్యుని సలహాతో వేళ మార్చుకొనవచ్చు.

శస్త్రచికిత్సలో రెండు విషయాలు ముందే అడిగి తెలిసికొనవలెను. స్వరపేటికకు వెళ్ళే నాడులు గ్రంథి వెనుకగా పోతాయి. వాటికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుంది. ఉపాధ్యాయునికి, ముఅజ్జిన్‌కు, సంతలో సరుకు అమ్మేవారికి గొంతే జీవనాధారం. కనుక ఈ విషయం శస్త్రవైద్యునికి చెప్పి ఉంచవలెను. గ్రంథి వెనుకనే కందిగింజ ప్రమాణంలో సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. అవి రక్తంలోని కాల్షియాన్ని నిలుపుతాయి. ఆపరేషన్ తరువాత పెదవుల చుట్టూ, వ్రేళ్ళ కొసల్లో తిమ్మిరి వస్తే ఆలస్యం చేయక చెప్పవలెను. అనుభవజ్ఞుల చేతిలో ఈ చిక్కులు శాశ్వతంగా నిలవడం తక్కువ.

మన ప్రాంతం – మన కర్తవ్యం

రక్తపరీక్షకు, అల్ట్రాసౌండుకు ఆదోని దాటవలసిన పని లేదు. అంతకు మించిన పరీక్షలకు, శస్త్రచికిత్సకు కర్నూలు వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నది. సరిహద్దు దాటి బళ్ళారికి పోయేవారూ ఉన్నారు. ఖర్చు విషయంలో ప్రభుత్వ ఆరోగ్య పథకం తమకు ఎంతవరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోనే ముందుగా విచారించుకొనవలెను.

ఇన్ని ఉన్నా రోగి ఆలస్యంగా పోవడానికి కారణం దూరం ఒక్కటే కాదు. అవటు వ్యాధులు స్త్రీలలో ఎక్కువ. పెండ్లి కావలసిన పిల్లకు మెడలో గడ్డ ఉన్నదని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని తల్లి భయపడుతుంది. పైటచెంగు గాని, ఓణీ గాని, దుపట్టా గాని ఆ గడ్డను సులభంగా కప్పివేస్తుంది. పెండ్లి అయిన తరువాత ఇంటిపని, మిల్లు పని, మగ్గం పని దానిని కప్పివేస్తాయి. ఈలోగా ఎవరో పసరు కట్టు కడతారు, ఎవరో వాత పెడతారు. వాత పెట్టిన చర్మం బిగిసిపోయి, తరువాత చేసే పరీక్షకూ, ఆపరేషనుకూ అడ్డవుతుంది. దువా చేయించుకొనడం, మ్రొక్కుకొనడం ఎవరి విశ్వాసం వారిది. ఏ విశ్వాసమూ వైద్యుని వద్దకు పోవద్దని చెప్పలేదు.

కళాశాల పాలకవర్గానికి మా మనవి ఒకటి. ప్రతి సంవత్సరం ప్రవేశాలు ముగిసిన తరువాత ఒక దినం స్థానిక ప్రభుత్వ వైద్యులను ఆహ్వానించి, విద్యార్థినులకు మహిళా వైద్యుల చేతనే, మెడ పరీక్ష జరిపించవలెను. దీనికి కావలసినది ఒక గది, ఒక తెర, కొన్ని గ్లాసుల మంచినీరు. గుటక వేయించి చూచే ఆ పరీక్షలో అనుమానం కలిగినవారి పేర్లు గోప్యంగా ఉంచి, తదుపరి పరీక్షలకు పంపే బాధ్యతను ఒక అధ్యాపకురాలికి అప్పగించవచ్చు. జాతీయ సేవా పథకం విద్యార్థులు ఈ పద్ధతినే తమ వీధులకు, గ్రామాలకు తీసుకొనిపోవచ్చు.

విద్యార్థులు ఇంటివద్ద చేయదగినది ఇంకను సులభం. అద్దం ముందు నిలిచి, గడ్డం కొంచెం పైకెత్తి, ఒక గుక్క నీరు మ్రింగుతూ మెడను గమనించమని అమ్మకు, అక్కకు, అమ్మీజాన్‌కు, ఆపాకు చెప్పండి. ఏదైనా ఉబ్బెత్తుగా కదలితే అది వ్యాధి అని కాదు, వైద్యునికి చూపవలసిన సమయం వచ్చిందని మాత్రమే అర్థం.

భాషాబోధకులముగా మేము చెప్పగలిగిన మాట ఒకటి మిగిలి ఉన్నది. మన భాషలో "కొవ్వు గడ్డే" అన్నప్పుడు చివరి ఏకారం నిశ్చయాన్ని తెలుపుతుంది. "కొవ్వు గడ్డేమో" అన్నప్పుడు సందేహాన్ని తెలుపుతుంది. పైన చెప్పిన పరీక్షలలో చివరి మెట్టు దాటేవరకు వైద్యుడు సైతం ఆ నిశ్చయార్థాన్ని వాడడు. మన ఇండ్లలో దానిని మొదటి రోజునే వాడుతున్నాము. "కొవ్వు గడ్డేమో, చూపించుకొందాము" అని చెప్పడం నేర్చుకొంటే, నిజంగా కొవ్వు గడ్డ అయినవారికి నిశ్చింత దక్కుతుంది, కానివారికి సకాలంలో చికిత్స దక్కుతుంది.